కృతజ్ఞత ఎవరికి?

కొంతకాలంగా మన మధ్యతరగతి యిళ్ళలో ఒక వుపదేశం పదేపదే వినబడుతున్నది: వున్నదానికి కృతజ్ఞతతో బతకండి అని. పొద్దున్నే వంటింట్లోంచి వచ్చే కాఫీ వాసన, వాకిట్లో తడి ఆరని ముగ్గు, వేసవి రాత్రి డాబామీద పరుచుకున్న పక్కలు, కొత్తావకాయ కలిపిన మొదటి ముద్ద - యివే జీవితంలో అసలు సంపదలనీ, వీటిని గుర్తించలేనివాడే నిజమైన దరిద్రుడనీ ఆదివారం అనుబంధాలు చెబుతున్నవి. వ్యక్తిత్వ వికాస గ్రంథాలు చెబుతున్నవి. ఆశ్రమాల గురువులు చెబుతున్నారు. వుద్యోగులకోసం కంపెనీలు జరిపే శిక్షణ తరగతుల్లోనూ యిదే పాఠం. రోజూ పడుకోబోయే ముందు ఆనాడు దక్కిన మూడు చిన్న సంతోషాలను నోటుపుస్తకంలో రాసుకుంటే మనశ్శాంతి లభిస్తుందట.

దీనికి మన మిత్రులు చెప్పే జవాబు కూడా నాకు తెలియనిది కాదు. దేశంలో యింత ఆకలీ, యింత నిరుద్యోగమూ వుండగా ఆవకాయ ముద్దను గురించి మాట్లాడటమే పెటీబూర్జువా పలాయనవాదమని వాళ్ళు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ వాక్యం రాసిన సాయంత్రం వాళ్ళూ యింటికి వెళ్ళి ఆ ముద్దే తింటారనుకోండి, అది వేరే సంగతి. నేను చెప్పదలచినదేమంటే, ఈ రెండు వాదాలూ పైకి శత్రువుల్లా కనిపించినా ఒకే గదిలో కాపురం వుంటున్నవి. ఇల్లు చరిత్రకు వెలుపల వున్నదనీ, అక్కడి సుఖం ఎవరూ తయారుచెయ్యకుండా దానంతటది పుట్టుకొస్తుందనీ యిద్దరూ నమ్ముతున్నారు. ఒకరు దానికి దణ్ణం పెడుతున్నారు, ఒకరు ముఖం తిప్పుకుంటున్నారు. తేడా అంతే.

ముందు మాటను పరిశీలిద్దాం. కృతం అంటే చెయ్యబడినది. జ్ఞుడు అంటే ఎరిగినవాడు. తనకోసం యితరులు చేసినదాన్ని ఎరిగినవాడే కృతజ్ఞుడు. అంటే కృతజ్ఞతకు మొదటి షరతు తెలుసుకోవటం: ఏం జరిగింది, ఎవరు చేశారు, ఏ ఖర్చుకు చేశారు? కర్మణి ప్రయోగంలో కర్త కనబడకపోవటం వ్యాకరణంలో దోషం కాదుగాని సంసారంలో దోషమే. ఈ నోటుపుస్తకాల్లో కర్తకు చోటు లేదు. అక్కడ 'మంచి కాఫీ దొరికింది', 'యిల్లు శుభ్రంగా వున్నది' అని వుంటుంది. ధన్యవాదం మాత్రం భగవంతుడికో, కొత్త పరిభాషలో 'విశ్వానికో' వెళుతుంది. విశ్వం కాఫీ కలపదు. దీనికి మన భాషలో తృప్తి అనే మాట ఎప్పటినుంచో వున్నది. తృప్తిని నేను నిందించటం లేదు. తృప్తిపడటానికి ఎవరినీ ఎరగనక్కరలేదు, అంతే. తృప్తిని కృతజ్ఞత పేరుతో చెలామణీ చెయ్యటంమీదనే నా అభ్యంతరం.

ఈ పేరు మార్పిడి కొత్తది కూడా కాదు. 'వుప్పు తిన్న విశ్వాసం' అనే మాట మన పల్లెల్లో ఎవరు ఎవరితో అన్నారో గుర్తు చేసుకోండి. పాలేరు దొర పోసిన గంజికి జన్మంతా కృతజ్ఞుడై వుండాలి. ఆ పాలేరు పండించిన వడ్లకు దొర ఒక్క పూటైనా కృతజ్ఞుడై వుండనక్కరలేదు. కృతజ్ఞత కిందినుంచి పైకి మాత్రమే ప్రవహించే సమాజం అది. తెలంగాణలో వెట్టి చేసిన చాకలీ కుమ్మరీ దొర గడీకి వుచితంగా బట్టలుతికి, కుండలు పోసి, పైగా వూళ్ళో వుండనిచ్చినందుకు చేతులు కట్టుకుని నిలబడవలసివచ్చింది. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధపోరాటం భూమికోసమే కాదు, ఈ తలకిందుల కృతజ్ఞతను రద్దు చెయ్యటానికి కూడా.

ఇక కొత్తావకాయనే తీసుకుందాం. ఉపదేశకులకు అంత యిష్టమైన ఆ ముద్దను వాళ్ళ చేతిలోనే వుంచి కర్తలను వెతుకుదాం. కాయను టెంకతోసహా కత్తిపీటమీద కొట్టించాలి. జీడి తియ్యాలి, లోపలి పొర వొలవాలి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడవాలి. చెమ్మ మిగిలితే జాడీ అంతా బూజు పడుతుంది. ఆవపిండి, కారం, వుప్పు పాళ్ళు చూసి, పప్పునూనె పోసి, మూడోనాడు మళ్ళీ తిరగగలపాలి. ఇదంతా మే నెల ఎండలో, పొయ్యి వేడి ఆరని వంటింట్లో జరుగుతుంది. ఆ రోజు రాత్రి మంటపుట్టే అరచేతులకు వెన్న రాసుకునేది ఎవరో చెప్పనక్కరలేదు. జాడీమీద వాసెనగుడ్డ కట్టిన చేతులకు ఏ నోటుపుస్తకంలోనూ పేరు లేదు.

అక్కడితో ఆగితే సగమే ఎరిగినట్లు. ఆ కారం ఎక్కడిది? గుంటూరు, పల్నాడు చేలలో మిరపపండు కోతకు వచ్చేసరికి కర్నూలు జిల్లా పడమటి మండలాలనుంచి, కోసిగి, ఆదోని వైపునుంచి, కుటుంబాలకు కుటుంబాలు వలస బయలుదేరుతవి. వానకు ఆధారపడిన ఆ నేలలో పంట అయిపోయాక పని వుండదు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వదిలి, బడికి వెళ్ళవలసిన పిల్లలను వెంటబెట్టుకుని వస్తారు. చేలగట్లమీద గుడారాలు వేసుకుంటారు. కాయ కోసిన చేత్తో కన్ను తుడుచుకోవటానికి వీల్లేదు, చంటిబిడ్డను ఎత్తుకోవటానికి వీల్లేదు. ఒక యింట్లో భోజనాల దగ్గర వెల్లివిరిసే సంతోషానికి యింకొక యింటి తలుపుకు నెలల తరబడి తాళం పడుతున్నదన్నమాట. ఈ గొలుసును ఎరగకుండా ఆ ముద్దకు ఎంతగా కళ్ళకద్దుకున్నా అది కృతజ్ఞత కాదు, అజ్ఞానం.

ఇంటిలోపలి లెక్కలు కూడా యిప్పుడు గుప్తంగా లేవు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని యింటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు పాల్గొన్న పురుషులే నూటికి 26 మంది. మిగతా 74 మంది లెక్కలోకే రారు. 2024లో మళ్ళీ సర్వే చేస్తే స్త్రీల సమయం 289 నిమిషాలకు తగ్గింది. పురుషులు ఆ పది నిమిషాలను పంచుకున్నారేమోనని ఆశపడినవాళ్ళు రెండో అంకె కూడా చూడాలి: అది 88కి దిగింది. 'ఇంటికి దీపం యిల్లాలు' అని వూరుకోవటంలో వున్న సౌకర్యం యిదే. దీపమని పేరు పెట్టేస్తే అందులో నూనె ఎవరు పోస్తున్నారని అడగనక్కరలేదు.

ఒక కళాశాలలో అధ్యాపకులకూ విద్యార్థులకూ కలిపి యిటువంటి శిక్షణ తరగతి జరిగినప్పుడు నేనూ కూర్చున్నాను. మూడు సంతోషాలు రాయమన్నారు. నా పక్కన కూర్చున్న ఒక విద్యార్థిని ఒకటే రాసింది: 'ఆదివారం అమ్మ మాతోపాటే కూర్చుని అన్నం తిన్నది.' శిక్షకుడు దాన్ని బిగ్గరగా చదివి, ఎంత చక్కటి చిన్న సంతోషమో చూడండని చప్పట్లు కొట్టించాడు. మిగిలిన ఆరురోజులూ ఆ తల్లి ఎప్పుడు తింటున్నదని ఆయన అడగలేదు. ఆ పిల్ల వాక్యంలో కర్త వున్నది, కాలం వున్నది, ఒక ఫిర్యాదు కూడా వున్నది. ఆయనకు వినిపించింది చప్పట్లకు పనికివచ్చే భాగమే.

ఈ వుపదేశాన్ని వుద్యోగులకు డబ్బిచ్చి మరీ చెప్పించే పెట్టుబడిదారులకు యింటి సుఖంమీద నిజంగా అంత గౌరవం వున్నదా? 2023లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ స్థాపకుడు దేశ యువకులు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నాడు. 2025 జనవరిలో ఒక మహా నిర్మాణ సంస్థ అధిపతి 90 గంటలదాకా వెళ్ళాడు. ఆదివారాలు యింట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపని చూస్తారన్నది ఆయన సందేహం. ఒకచేత్తో యింటి గంటలను లాక్కుంటూ, రెండోచేత్తో మిగిలిన నిమిషాలకు కృతజ్ఞత నేర్పటంలో వైరుధ్యం కనిపించవచ్చు. నాకైతే అందులో వైరుధ్యం లేదు. కొంచెం మిగిలినవాడికే కొంచెంతో సరిపెట్టుకోవటం నేర్పవలసిన అవసరం వుంటుంది.

మాటలతోనే పోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఆ తొమ్మిదిని పది చెయ్యటానికి నిర్ణయించింది. అదే ఏడు జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటలదాకా పని చేయించుకోవటానికి అనుమతించింది. వారానికి 48 దాటనివ్వం గదా అంటారు. రాత్రి ఎనిమిదికి బదులు తొమ్మిదికి యిల్లు చేరే తండ్రికి ఆ వారపు లెక్క ఏం ఓదార్పు? పిల్లవాడు అప్పటికే నిద్రపోయి వుంటాడు. వాడు శనివారంకోసం తన నిద్రను దాచిపెట్టుకోడు.

డాబామీద పక్క పరుచుకునే ఆ సాయంత్రం ప్రకృతి యిచ్చిన వరం కాదు. 1862లో, చికాగోకు యిరవైనాలుగేళ్ళు ముందే, హౌరా రైల్వే కార్మికులు 1200 మంది ఎనిమిది గంటల పనిదినం కావాలని పని మానేశారు. 1886లో చికాగో కార్మికులు ప్రాణాలు యిచ్చారు. ఆనాటి కోరికలో మూడు భాగాలున్నవి: ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మా యిష్టం. ఆ మూడో భాగంలోనే వున్నది ఈనాటి మన కాఫీ, మన కబుర్లు, మన పిల్లల లెక్కల పుస్తకం. సుఖాన్ని తృణీకరించే మన మిత్రులు గమనించవలసింది యిది. పూర్వపు కార్మికులు చిన్న సుఖాలను అల్పమని విసర్జించలేదు. వాటికోసం సమ్మె కట్టారు.

మన గడ్డమీద యింతకన్నా దగ్గరి వుదాహరణ వున్నది. 1992 నాటికి నెల్లూరు జిల్లా దూబగుంటనుంచి పల్లెపల్లెకూ పాకిన సారా వ్యతిరేక వుద్యమాన్ని నడిపిన స్త్రీలలో ఎక్కువమంది కూలిపని చేసుకునేవాళ్ళు. అక్షరాస్యతా తరగతుల్లో సీతమ్మ కథ అనే పాఠం చదివి, అది తమ వూరి కథేనని గుర్తుపట్టి లేచారు. దూబగుంట రోశమ్మవంటివాళ్ళు అడిగినదేమిటి? కూలిడబ్బు యింటికి చేరాలి. వండిన అన్నం పిల్లలు భయంలేకుండా తినాలి. మగవాడు సాయంత్రం తన కాళ్ళమీద నడిచి యింటికి రావాలి. ఇంతకన్న చిన్న కోరికలు వుంటవా? వాటికి సారా వేలంపాటలు ఆగిపోయినవి, ఖజానా కంగారుపడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సడలించినవాళ్ళు లోటును అంకెల్లో చూపించారు. పోయిన సాయంత్రాలను ఏ పద్దులోనూ చూపించలేదు.

మంచినీళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. దాహమైనప్పుడు చెంబెడు తేటనీళ్ళు తాగటం చిన్న సుఖమే. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువునీళ్ళను పాడుచేస్తుంటే ఒక స్త్రీ అభ్యంతరం చెప్పింది. మర్నాడు పల్లెమీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. నీటిచుక్కకు విశ్వానికి కృతజ్ఞత చెప్పమని ఆ వూరివాళ్ళకు ఏ శిక్షకుడు వెళ్ళి చెబుతాడు?

మన విమర్శ విషయంలో కూడా ఒకమాట అనకతప్పదు. స్త్రీ రాసిన కథలో వంటిల్లు కనబడగానే 'గృహసీమకు పరిమితమైన రచన' అని ముద్రవేసే అలవాటు మనలో యింకా పోలేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో యింటిని అలికి ముగ్గులు పెట్టి చివరికి తన పేరే మరిచిపోయిన గృహిణిని చూపించింది. దోపిడీని గురించి అంతకన్న సూటిగా చెప్పిన కథలు మన సంకలనాల్లో ఎన్ని వున్నవో లెక్కపెట్టి చెప్పమని కోరుతున్నాను. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'ను మరోసారి తెరవండి. తెలంగాణ పోరాటంలో తుపాకులు మోసిన స్త్రీలను పోరాటం ముగియగానే మళ్ళీ పొయ్యిదగ్గరికి పంపించిన వైనం అందులో వాళ్ళ నోటనే వినవచ్చు. పంపించినవాళ్ళు దొరలు కారు. ఇంటి సంగతి చరిత్ర కాదనుకునేవాళ్ళు, అంటే మనవాళ్ళు.

రాబోయే సెలవుల్లో నా విద్యార్థులకు ఒక పని అప్పగించదలచాను. మూడు సంతోషాలు రాయనక్కరలేదు. ఒక్కరోజు తమ యింట్లో ఎవరు ఎన్ని గంటలకు లేచారు, నీళ్ళు ఎవరు పట్టారు, ఎంగిలి కంచాలు ఎవరు తీశారు, చివర తిన్నది ఎవరు, వాళ్ళకు కూర ఎంత మిగిలింది - యింతమాత్రం కాగితంమీద పెట్టి తీసుకురావాలి. మగపిల్లలు అమ్మను అడిగి రాయటానికి వీల్లేదు. తెల్లవారుజామున లేచి స్వయంగా చూసి రాయాలి.