డప్పు మీద క్రిస్మస్

ఈ సంచిక దిద్దినన్ని రాత్రులూ, మిత్రుడొకరు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన క్రిస్మస్ పాటలే విన్నాను. జింగిల్ బెల్స్ ఒక్కటీ లేదు. అన్నీ రాజోలు, అమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఫోన్లలో పట్టినవే. ఒకదాంట్లో ముందు కొబ్బరాకుల మంట చిటపటలు, కాగుతున్న డప్పు మీద రెండు దెబ్బలు, ఎవరో పెద్దావిడ దగ్గు. ఆ తర్వాతే పాట. గోదారి గట్టున పండగ ఇలాగే వినపడాలి.

పురుషోత్తమ చౌదరి (1803–1890) ఏనాడో క్రీస్తు కథను మన రాగాల్లోకి తెచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నేటికీ పాట పైన రాగం, తాళం అచ్చవుతాయి. పుస్తకానికెక్కని పాటలే పాడేవాళ్లతో పాటు పోతున్నాయి. మీ నాయనమ్మ పాడుతుంటే ఈ పండక్కి రికార్డు చేసి మాకు పంపండి.