మిగులుభూమి యెవరికి మిగులు?

2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ కోకాపేటలో జరిపిన వేలమున ఎకరము 100 కోట్ల రూపాయలకు పైగా పలికినది. బొక్కసము నిండెనని సంతసించువారుందురు గాక, మేము సంతసింపజాలము. పన్ను ఏటేట వచ్చును. అమ్మిన భూమి మరల రాదు. రేపు పాఠశాలకో వైద్యశాలకో స్థలము కావలసినచో ఆ ధర పెట్టి కొనగలమా?

భూవినియోగ నిబంధనల మార్పును ఇట్టిదే. 1908 మూసీవరద పిమ్మట నిర్మించిన గండిపేట, హిమాయత్‌సాగరు చెరువుల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తరువు 84 గ్రామములలో కట్టడములను నిర్బంధించినది. 2022లో 69వ ఉత్తరువు ఆ కట్టుబాట్లను సడలించినది.

అమ్ముటకు ముందును, మార్చుటకు ముందును ఆయా వాడల ప్రజలను బహిరంగముగా అడుగవలెను. ప్రజల సొత్తునకు పాలకులు ధర్మకర్తలే గాని యజమానులు గారు.