వచ్చినాఁడు, వచ్చాడు, వచ్చిండు



మొన్న సాయంత్రం మా కొండాపూర్ అపార్టుమెంటు ఆవరణలో పిల్లలు ఆడుకొంటున్నారు. వాచ్‌మన్ మనుమడు "మా తాత వచ్చిండు" అన్నాడు. తక్కినవారు పకపక నవ్వి, "వచ్చిండు కాదురా, వచ్చాడు" అని దిద్దారు. ఆ నవ్వు నాకు గుచ్చుకొంది. ముప్ఫై ఏళ్ళు ఎఱ్ఱసిరాతో అదే దిద్దుబాటు చేసిన తెలుగు పండితుణ్ణి నేను.

అసలీ క్రియల చివరి ను, వు, డు, ము, రు ఎక్కడివి? అవి అరిగిపోయిన సర్వనామాలే. వచ్చినాఁడులో వాఁడు, వచ్చినావులో నీవు, వచ్చినారులో వారు దాగి ఉన్నారు. పైన "పండితుణ్ణి" అన్నాను కదా, దాని గ్రాంథిక రూపం "పండితుఁడను". అక్కడ క్రియే లేదు. అయినా నేనులోని 'ను' వచ్చి నామానికి అంటుకొంది. ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి? తమిళుల "అవన్ వందాన్", కన్నడిగుల "అవను బందను" కూడ ఈ తీరువే. మన వాఁడులోని అరసున్న ఒకప్పటి అనునాసికపు జాడ. తమిళ అవన్‌లో నకారంగా నిలిచింది అదే. ఈ చుట్టరికాన్ని 1856లో కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం చర్చించింది. మన గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువరించిన ద్రావిడభాషల గ్రంథంలో దానిని మరింత విపులీకరించారు.

ఇక మన తగవుకు వద్దాం. నిండు రూపం వచ్చినాఁడు. అరసున్న పోయినా రాయలసీమ నోట అది నేటికీ దాదాపు అలాగే వినబడుతుంది. కోస్తావారు నడుమనున్న నకారాన్ని విడిచి వచ్చాడు అన్నారు. తెలంగాణంవారు నకారాన్ని ఉంచుకొని, దాని వెనుకటి అచ్చును విడిచి వచ్చిండు అన్నారు. ఒకే ఆస్తిలో ఇద్దరూ చెరొక తునుక పోగొట్టుకొన్నారు. ఎవరిని చూచి ఎవరు నవ్వాలి?

"నేను వచ్చిన" అనే తెలంగాణ పలుకుబడిలో ఉత్తమపురుష ప్రత్యయమే లేదని ఆక్షేపించేవారున్నారు. మలయాళంలో ఏ పురుషకూ లేదు. నేనైనా, నీవైనా, ఆమె అయినా "వన్ను" ఒక్కటే. తకళి నవలలకు అది లోటయిందా? లాటిన్ "కాంతత్" చివరి తకారం ఇటాలియన్‌లోనూ, రొమేనియన్‌లోనూ రాలిపోయింది. వాటిని చెడిన లాటిన్ అని నేడు ఎవరూ అనరు.

పత్రికకూ, పరీక్షకూ ఒక ప్రమాణభాష ఉండవలసిందే, కాదనను. కాని "ఇక్కడ ఇలా వ్రాయి నాయనా" అనటం వేరు, "నీ ఇంటి మాట తప్పు" అనటం వేరు. నేను ఇన్నేళ్ళూ రెండవదే చేశాను. వ్యాకరణం చదివినవాడు చేయదగిన పని కాదది.

ఆ పిల్లవాణ్ణి పిలిచి, "నీ మాటలో ఒక పాత అక్షరం ఉందిరా, వీళ్ళు పారేసుకొన్నారు" అన్నాను. వాడు నమ్మలేదు. నవ్వినవారు మాత్రం ఆలోచనలో పడ్డారు.

మీ ఊరి 'వచ్చాడు' ఏమిటో తెలుపగలరు.