దీవెన, ఉసురు, పుకారు

పెళ్లింట్లోనో కొత్తగా తెరిచిన దుకాణం ముందో చప్పట్లు కొడుతూ నిలిచిన హిజ్రా చేతిలో నోటు పెట్టి దీవెన పుచ్చుకోవడం, వారి మనసు నొప్పిస్తే ఉసురు తగులుతుందని జంకడం, వారే పిల్లలను ఎత్తుకుపోతారని అనుమానించడం తెలుగు సమాజంలో మూడు వేర్వేరు నమ్మకాలుగా చలామణి అవుతున్నా, ఆడ, మగ అన్న విభజనలో ఇమడని దేహానికి మామూలు మనుషులకు లేని శక్తి ఏదో ఉంటుందన్న ఒకే ఊహ మీద ఆ మూడూ నిలబడి ఉన్నాయి.

ఉసురు సంగతి పరీక్షకు నిలిచేది కాదు. డబ్బిచ్చిన దుకాణాల్లో ఎన్ని మూతపడ్డాయో, ఇవ్వనివాటిలో ఎన్ని నిలదొక్కుకున్నాయో ఎవరూ లెక్క రాయరు గాని, కాదన్న వ్యాపారికి నష్టం వస్తే మాత్రం దాన్ని బజారంతా చెప్పుకుంటుంది. శాపానికే బలముంటే అది మొదట తగలవలసింది నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, వచ్చిన నపుంసకుల చట్టాన్ని అమలు చేసినవారికి. మగపిల్లలను అపహరిస్తారనీ, వారి పుంస్త్వం తీసేస్తారనీ అనుమానమున్నవారి పేర్లతో రిజిస్టరు ఉంచాలనీ, అందులోకి ఎక్కినవారు ఆడవేషంలో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చనీ చెప్పిన ఆ చట్టం, నిజాం పోయి రాజ్యాంగం వచ్చాక కూడా బతికి, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా నిలిచింది. రుజువైన నేరం మీద కాక అనుమానం మీదే నడిచిన ఆ రిజిస్టరు, అంతకుముందే ఉన్న పుకారుకు సర్కారు ముద్ర వేసింది.

2018 మేలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న వాట్సాప్ సందేశాలను నమ్మిన గుంపు, రంజాన్ మాసంలో యాచనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను, అంటే పుట్టుకలో పురుషుడిగా నమోదై తనను స్త్రీగా ఎరిగిన వ్యక్తిని, కొట్టి చంపింది. దీవించే చేతికి మహిమ ఉందని ఒప్పుకున్న మనసు, ఆ చేయి బిడ్డను మాయం చేయగలదన్న మాటను కాదనడానికి తర్కం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? తెలంగాణలో దేవుణ్ణి పెళ్లాడినట్టు భావించుకుని జాతరల్లో పూనకంతో భవిష్యం చెప్పే, ఆడ, మగ విభజనలో ఇమడని శివశక్తులకు దక్కే గౌరవమూ ఇలాంటిదే. పూనకం దిగాక అదే మనిషికి ఇల్లు అద్దెకు దొరకదు.

మాధ్యమాలు ఈ ఊహను సరిదిద్దకపోగా సొమ్ము చేసుకున్నాయి. 2011లో టీవీ9 హైదరాబాదులో స్వలింగ ప్రియుల సంస్కృతి ప్రబలిందంటూ ప్రసారం చేసిన కథనం వ్యక్తుల గోప్యతకు భంగం కలిగించినందుకు, వార్తా చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసింది. అదే ఏడాది తెలుగులోనూ బాగా ఆడిన ‘కాంచన’ సినిమా హిజ్రా పాత్రకు సానుభూతి పంచిందన్నది నిజమే గాని, హతురాలికి న్యాయం దయ్యమై తిరిగి వచ్చాకే దొరికింది. పోలీసు, కోర్టు చేయవలసిన పనిని సినిమా మళ్లీ మహిమకే అప్పగించింది. 2018 నాటి ‘అ!’ సినిమా ఇద్దరు యువతుల ప్రేమను ఎగతాళి లేకుండా చూపి, చివరకు వారిని కూడా ఒక స్త్రీ ముక్కలైన మనసులోని వ్యక్తిత్వాలుగా తేల్చింది. స్వలింగాకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితా నుంచి తొలగించింది గనుక, కథా చమత్కారమే అయినా ఆ ముగింపు ఇబ్బందికరమే. క్వియర్ అన్న మాట కింద చేరే వీరందరికీ, అంటే లింగ గుర్తింపులోనో ఆకర్షణలోనో అధిక సంఖ్యాకుల తీరుకు భిన్నమైనవారికి, తెర మీద దొరకనిది అద్దె కట్టి, బస్సెక్కి, ఉద్యోగానికి వెళ్లే మామూలు బతుకు.

ఇక రక్షణ విషయానికి వస్తే, స్త్రీపై అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష ఉన్న దేశంలో, 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వారిపై లైంగిక దాడికి గరిష్ఠంగా రెండేళ్ల శిక్షతో సరిపెట్టింది.