మనం చేస్తే ఆచారం, వాళ్ళు చేస్తే చేతబడి

"నేను చేసిన వూడూ బొమ్మ" అని రాసి ఫోటో ఒకటి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పుడు నేను అమెరికాలో ఉన్నాను, అక్కడ సాయంత్రం. ఇండియాలో తెల్లవారి పాలు కాగకముందే మావారి దగ్గర్నుంచి ఫోన్. "ముందు ఆ ఫోటో తీసెయ్. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుని ఇదేం పని?" అన్నారు. వెనకనుంచి మా అత్తగారు "ఆ దిక్కుమాలిన బొమ్మని ఇంటికి తేవద్దని చెప్పరా" అంటున్నది స్పష్టంగా వినిపించింది. తోటికోడలు ఏమీ రాయలేదు గానీ దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది.

వాళ్ళననడానికి నాకేం హక్కుంది చెప్పండి? రెండు రోజుల ముందు నేనూ అంతే.

హ్యూస్టన్‌లో ఉంటున్న మా అక్క కూతురి గ్రాడ్యుయేషన్‌కని మేలో నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. అది అయ్యాక బావగారు మమ్మల్ని కారులో న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్ళారు. దాదాపు 350 మైళ్ళు, దారిలో ఆగుతూ వెళితే ఆరు గంటలు దాటింది. మిసిసిపీ నది ఒడ్డు ఊరు. మే నెల ఉక్క అచ్చం మా రాజమండ్రిలాగే ఉంది. అక్కడ మా అమ్మాయి నాకు చెప్పకుండా రెండు గంటల వూడూ బొమ్మల తయారీ క్లాసుకి డబ్బు కట్టేసింది. "వంట నేర్పే క్లాసేదీ దొరకలేదా తల్లీ?" అన్నాను. ఇంటర్ చదివే రోజుల్లో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న 'తులసిదళం' చదివి వారం రోజులు లైటు తీయకుండా పడుకున్నదాన్ని నేను. బొమ్మా, సూదీ అంటే నాకు గుర్తొచ్చేది అదే.

ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఒక చిన్న కొట్టు వెనకగది. పొడుగాటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది ఆడవాళ్ళం. నేర్పే ఆవిడకి అరవై దాటి ఉంటాయి, నల్లజాతి మనిషి. కూర్చోగానే చెప్పిన మొదటి మాట, "ఎవరికైనా చెడు జరగాలని వచ్చినవాళ్ళు డబ్బు వెనక్కి తీసుకుని వెళ్ళిపోవచ్చు" అని. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

తయారీ చాలా తేలిక. రెండు పుల్లల్ని అడ్డంగా పెట్టి పురికొసతో బిగించి కట్టాలి. అదే తల, చేతులు, ఒళ్ళు. దాని చుట్టూ స్పానిష్ మాస్ అనేదాన్ని చుట్టాలి. అక్కడి ఓక్ చెట్ల కొమ్మల నుంచి ముసలివాళ్ళ గడ్డాల్లా బూడిదరంగులో వేలాడేది అదే. పేరుకి స్పానిష్ అయినా స్పెయిన్‌ది కాదు, మాస్ అన్నా నాచు కాదు. అనాసపండు కుటుంబానికి చెందిన మొక్క. మనం బూరుగుదూది కుక్కినట్టు పూర్వం వాళ్ళు దాన్ని పరుపుల్లో కుక్కుకునేవారట. దాని మీద గుడ్డపేలికలు చుట్టి, కళ్ళకి గుండీలో పూసలో కుట్టి, కావాలంటే ఒక ఈక పెట్టుకోవడమే. చిన్నప్పుడు బొమ్మల పెళ్ళిళ్ళకి కొబ్బరి ఈనెలతో, పాతచీర ముక్కలతో మనం చేసుకున్న బొమ్మలకీ దీనికీ తేడా నాకైతే కనపడలేదు.

"మరి సూదులో?" అని మా అమ్మాయి అడిగింది. కోరిక రాసిన చీటీని బొమ్మకి గుచ్చడానికి, అంతే అంది ఆవిడ. గుండుసూదులు గుచ్చి ఎక్కడో ఉన్న మనిషిని గిలగిల్లాడించడం సినిమావాళ్ళు అంటగట్టిన పని. నిజానికి మైనం బొమ్మలు, గుడ్డ బొమ్మలు చేసి శత్రువు పేరు పెట్టి గుచ్చడం ఐరోపాలో ఎప్పటినుంచో ఉంది. 1915 నుంచి 1934 దాకా హైతీ దేశం అమెరికా సైన్యం చేతిలో ఉన్నప్పుడు అక్కడి జనం ఎంత అనాగరికులో చెప్పే కథలు పుట్టుకొచ్చాయి. 1932లో 'వైట్ జాంబీ' సినిమా వచ్చింది. అలా ఊరందరి పాపమూ ఒకరి నెత్తిన పడింది.

అసలు సంగతి వేరు. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటి బెనిన్ ప్రాంతంలో 'వోడున్' అంటే దైవశక్తి. అక్కడి మనుషుల్ని ఓడల్లో సరుకులా ఎక్కించి తెచ్చి అమ్మినప్పుడు వాళ్ళతో పాటు వచ్చింది ఆ ఒక్క మాటే. 1724లో ఫ్రెంచివాళ్ళు లూసియానాలో పెట్టిన చట్టం ప్రకారం బానిసలందరికీ క్యాథలిక్ బాప్టిజం తప్పనిసరి. అందుకని వాళ్ళు తమ దేవతల్ని ఆ మతంలోని పునీతుల పటాల వెనక దాచుకున్నారు. దారులు తెరిచే లెగ్బా అనే దేవుణ్ణి, స్వర్గం తాళంచెవులు పట్టుకున్న పీటర్ పటంలో చూసుకున్నారు. 1817లో నగరపాలకులు వాళ్ళు ఆదివారాల్లో కలుసుకోవడానికి ఒక్క మైదానమే కేటాయించారు. దాన్నే కాంగో స్క్వేర్ అంటారు. ఇప్పుడది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఉంది. అక్కడి డప్పులు, పూనకాలు, పూర్వీకులకి పెట్టే నైవేద్యాలు గురించి ఆవిడ చెబుతుంటే నాకు మా ఊరి జాతర కళ్ళముందు ఆడింది.

ఆ ఊళ్ళో ఎక్కడ చూసినా మేరీ లవో పేరు. 1801లో పుట్టి 1881లో పోయిన ఆవిణ్ణి వూడూ రాణి అంటారు. బానిస కాదు, స్వతంత్రురాలు. జుట్టు ముడులు వేయడం ఆవిడ వృత్తి. చర్చికీ వెళ్ళేది. పచ్చజ్వరం వచ్చినవాళ్ళకి సేవ చేసిందని చెప్పుకుంటారు. జనం ఆవిడ సమాధి మీద గుర్తులు గీకి గీకి పాడుచేస్తుంటే, 2015 నుంచి ఆ శ్మశానంలోకి గైడు లేకుండా రానివ్వడం లేదు. చదువుకునే వీలు లేని కాలంలో, ఒక నల్లజాతి ఆడది నలుగురూ తన మాట వినేలా బతికితే, ఆవిణ్ణి మంత్రగత్తె అనకుండా ఊరుకుంటుందా లోకం?

ఇంతవరకూ బాగానే విన్నాను. అప్పుడు ఆవిడ గుడ్డపేలికల బుట్ట నా ముందుకి జరిపి, "నీ బొమ్మ ఎవరి కోసం?" అని అడిగింది. చెయ్యి పెడితే వెలిసిపోయిన గంధంరంగు నూలుగుడ్డ ఒకటి చేతికి తగిలింది. అంతే, గొంతు పట్టేసింది.

అది మా చిన్నత్తగారి చీర రంగు. మావారి పినతండ్రి భార్య. ఇరవై ఆరేళ్ళకే భర్త పోతే ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తెల్లవారుజామున లేచి పెరడు ఊడ్చడం దగ్గర్నుంచి రాత్రి పాలు తోడుపెట్టేదాకా ఆవిడే. ఇంట్లో ఏ పాప పుట్టినా పాతచీరలు చింపి, దూది కూరి ఒక బొమ్మ కుట్టి ఇచ్చేది. మా అమ్మాయి మూడో నెలలో ఉన్నప్పుడు అలాగే ఒక బొమ్మ తెచ్చి పక్కలో పెట్టి, కాసేపు ఎత్తుకుని ఆడించి వెళ్ళింది. ఆ రాత్రి పిల్లకి జ్వరం వచ్చింది. గుక్కపట్టి ఒకటే ఏడుపు.

"దాని కళ్ళు పడ్డాయి. పిల్లా పాపా లేనిది. ఆ బొమ్మలో ఏం పెట్టి కుట్టిందో" అన్నారు మా అత్తగారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ఆ బొమ్మని బయట పారేసి రమ్మన్నారు. పారేసింది ఎవరనుకున్నారు? నేనే. బి.ఏ. చదివినదాన్ని. చీకట్లో పెంటకుప్ప మీద విసిరేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కున్నాను.

ఆ రోజు పొద్దున్నే పిల్లకి టీకా వేయించాం. "రాత్రికి జ్వరం వస్తుంది, కంగారు పడకండి" అని నర్సమ్మ సిరప్ కూడా రాసి పంపింది. సిరప్ పట్టాను, తెల్లారేసరికి జ్వరం తగ్గింది. దిష్టి పోయిందన్నారు. అప్పుడైనా టీకా సంగతి నేను నోరు విప్పి చెప్పలేదు. అత్తగారికి ఎదురు చెప్పడం ఎందుకని కాదు, నిజం చెప్పాలంటే నాలోనూ ఒక మూల భయం ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో బారసాలకీ, అన్నప్రాసనకీ, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కీ చిన్నత్తగారు వంటింటి గుమ్మం దాటి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు.

ఇప్పుడు చెప్పండి, క్షుద్రం ఎక్కడుంది?

మనం గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కడతాం. కట్టే ఇంటికి నాలుక బయటపెట్టిన రాక్షసి బొమ్మ వేలాడదీస్తాం. పసిపిల్లకి బుగ్గన చుక్క పెడతాం. ఇవన్నీ మనకి ఆచారాలు. రాజకీయనాయకుడి మీద కోపం వస్తే గడ్డితో మనిషిని చేసి, పేరు రాసి, చెప్పుతో కొట్టి నడిబజార్లో తగలబెడతాం. దానికి దిష్టిబొమ్మ దహనం అని పేపర్లో ఫోటో కూడా వేస్తారు. సినిమావాళ్ళు చెప్పిన వూడూ ఎవరైనా నిజంగా చేస్తున్నారంటే అది మనమే! గురివింద గింజకి తన నలుపు తెలియదని ఊరికే అనలేదు.

చుక్క పెట్టొద్దని నేననడం లేదు. నేనూ పెట్టాను, రేపు మనవలు పుడితే పెడతాను. బిడ్డ మీద భయం కొద్దీ చేసుకునే పనులవి, ఎవరికీ నష్టం లేదు. చిక్కెక్కడంటే, దిష్టి అన్నాక అది ఎవరిదో చెప్పాలి. చెప్పాల్సి వచ్చినప్పుడు మన వేలు ఎప్పుడైనా డబ్బున్న బావగారి వైపు చూపించిందా? భర్త లేనిదాని వైపు, పిల్లల్లేనిదాని వైపు, ఎదురు మాట్లాడే దిక్కులేనిదాని వైపే వెళుతుంది. మా వైపు చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు. ఆ అనుమానంతో పళ్ళు పీకిన వార్తలు, చెట్టుకి కట్టేసి కొట్టిన వార్తలు, చంపేసిన వార్తలు చదువుతూనే ఉన్నాం. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో మంత్రగత్తె అని ముద్రవేయడమే నేరమని చట్టం చేయాల్సి వచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. కానీ ఆ వార్తలకీ మా వంటింటి గుమ్మానికీ మధ్య ఉన్నది దూరమే గానీ దారి ఒక్కటే.

డాలర్లు పోసి బొమ్మ కుట్టి వచ్చి నీతులు చెబుతోందని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే, ఆ ఊళ్ళో వూడూ ఇప్పుడు పెద్ద వ్యాపారం. తాళంచెవులకి తగిలించుకునే వూడూ బొమ్మలు కూడా అమ్ముతున్నారు. ఆ పుల్లలకీ పేలికలకీ ఏ మహిమా ఉందని నేను నమ్మను. కానీ "ఎవరి కోసం?" అన్న ప్రశ్న ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. ఏ పూజలోనూ నేను అడుక్కోలేదు.

బొమ్మని అక్క వాళ్ళింట్లోనే వదిలేశాను. అక్క కూడా దాన్ని ఇంట్లో కాదు, గరాజ్‌లో పెట్టింది లెండి! ఇంటికి వచ్చిన మూడో రోజు చిన్నత్తగారికి ఫోన్ చేశాను. టీకా సంగతి చెప్పాను. బొమ్మ పారేసింది నేనేనని చెప్పాను.

"తెలుసమ్మా. మర్నాడు పొద్దున్న చెత్త పోయడానికి వెళ్ళి చూశాను" అంది. అంతే. ఇన్నేళ్ళూ తెలిసే, నేను వెళ్ళినప్పుడల్లా నాకు ఇష్టమని పనసపొట్టు కూర వండిపెట్టింది.

గృహప్రవేశం రోజు మా ఆడపడుచు పాలు పొంగిస్తుంది. పక్కనే నిలబడి ఆ పొయ్యి చిన్నత్తగారు వెలిగించాలని నా కోరిక. అడిగాను. "వస్తాను గానీ నన్ను ముందు నిలబెట్టకు కోడలా. ఈ వయసులో కొత్తగా మాటపడే ఓపిక లేదు" అంది. ఆవిడ భయం న్యాయమైనదే. అందుకే ఆవిణ్ణి ఒప్పించడం కంటే ముందు మా అత్తగారితో, మావారితో నేను మాట్లాడాలి. ఆ రాత్రి చెప్పని టీకా మాటతోనే మొదలుపెడదామనుకుంటున్నాను. గొడవ అవుతుందని తెలుసు.

మీ ఇళ్ళల్లో కూడా శుభకార్యాల ఫోటోల్లో ఎప్పుడూ కనపడని ఆడమనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ రోజంతా వంటింట్లోనే ఉంటుంది, అందరికీ వడ్డిస్తుంది. ఆవిణ్ణి అక్కడ నిలబెట్టింది ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. మీరే అయితే, ఫోన్ చేయడానికి నాలాగా ఇరవై ఏళ్ళు ఆగకండి.