ప్రాతబడిన ఆంగ్లపదాలు - వాటి బోధన

ఇంగ్లీషు పాఠాలలోని ప్రాచీన పదాలంటే విద్యార్థికి భయము, ఉపాధ్యాయునికి విసుగు. పాఠం చివర నున్న అర్థాల పట్టికను ఒకరు వ్రాయిస్తారు, మరొకరు వల్లెవేస్తారు. పరీక్ష ముగియగానే ఇద్దరూ దానిని మరచిపోతారు. అయితే పట్టికకెక్కిన మాట వల్ల అంత ప్రమాదం లేదు. తెలియని మాట కనుక విద్యార్థి దాని దగ్గర ఆగుతాడు, నిఘంటువు తిరగవేస్తాడు. తెలిసినదే అనుకొని ఆగకుండా దాటిపోయే మాటే అతనిని దారి తప్పిస్తుంది.

1597లో తొలిసారి అచ్చయిన షేక్స్పియరు నాటకం 'రోమియో అండ్ జూలియట్' నే తీసికొనవచ్చును. మేడపై నిలిచిన జూలియట్ తన ప్రియుని పేరెత్తి 'వేర్‌ఫోర్' అని ప్రశ్నిస్తుంది. ఆ మాటలో 'వేర్' వినిపించగానే, ఆమె అతడెక్కడ ఉన్నాడని వెదకుతున్నదని విద్యార్థి అనుకొంటాడు. ఆ పదానికి అర్థం 'ఎందుకు' అని. శత్రువంశపు పేరు అతనికి ఎందుకు రావలసివచ్చినదని ఆమె వేదన. ఈ ఒక్క మాట తప్పితే, పేరును గురించి ఆమె తరువాత చేసే తర్కమంతా నిరాధారమవుతుంది. రెండు కుటుంబాల వైరమే ఆ నాటకానికి ప్రాణం. అది విద్యార్థి చేజారిపోతుంది.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, సృష్టి కథలో, మొక్కలను ఫలాలను దేవుడు మనుష్యులకు 'మీట్' గా ఇచ్చినట్లున్నది. నేటి అర్థం పట్టుకొన్నవానికి మొక్కలు మాంసమెట్లా అయినవో బోధపడదు. ఆనాడు ఆ మాటకు సామాన్యంగా ఆహారమని అర్థం. మిఠాయికి ఇంగ్లీషులో 'స్వీట్‌మీట్' అన్న పేరు ఆ అర్థాన్నే నిలుపుకొన్నది. అదే గ్రంథంలో 'ప్రివెంట్' అంటే అడ్డగించటం కాదు, ముందుగా వెళ్ళటం.

'లెట్' కథ మరింత విచిత్రమైనది. అనుమతించటానికి ఒకటి, అడ్డగించటానికి ఒకటి, పూర్వం రెండు వేర్వేరు క్రియలుండేవి. కాలక్రమాన రెండింటి రూపమూ ఒకటై, విరుద్ధార్థాలు ఒకే మాటలో చేరినవి. భూతం వెంట పోబోయే హామ్లెట్‌ను మిత్రులు పట్టి నిలుపగా, తనను 'లెట్' చేసినవారిని చంపుతానని అతడు బెదిరిస్తాడు. పోనిచ్చినవారిని చంపుతాననటం లేదు, అడ్డుపడినవారిని అంటున్నాడు. ఈ రెండవ 'లెట్' ఇంకా చావలేదు. భారతీయుల పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉన్న అభ్యర్థనలో, ప్రయాణికునికి ఏ 'లెట్' లేకుండా దారి ఇవ్వవలసినదని నేటికీ అచ్చవుతున్నది. ప్రాతమాటలు నిత్యజీవితానికి పనికిరావనేవారు తమ పెట్టెలోని ఆ చిన్న పుస్తకాన్ని ఒకసారి తెరచి చూడవచ్చును.

పదాల అర్థాలు మారటం ఇంగ్లీషుకే పరిమితమైన వింత కాదు. తెలుగు పండితుడు అర్థసంకోచమని, అర్థవ్యాప్తియని, అర్థాపకర్షయని పై తరగతులలో బోధించేది దీనినే. 'కంపు' ఒకప్పుడు పరిమళానికి కూడా చెల్లినది, నేడు దుర్గంధానికే మిగిలినది. 'చీర' ఏ వస్త్రానికైనా పేరు. నేడు స్త్రీల కట్టుబట్ట మాత్రమే. నువ్వుల నుండి వచ్చిన 'నూనె' అన్ని తైలాలకూ వ్యాపించినది. ఇంగ్లీషులో 'సిల్లీ' మొదట ధన్యుడైనవానికి చెల్లి, తరువాత అమాయకునికి, చివరకు తెలివితక్కువవానికి దక్కినది. 'నైస్' దారి ఇందుకు విరుద్ధం. అజ్ఞాని అనే అర్థమున్న లాటిన్ మాట నుండి పుట్టి, మూర్ఖుని పేరుగా కొంతకాలం గడిపి, మెప్పుమాటగా స్థిరపడినది. 'డీర్' ఒకప్పుడు ఏ జంతువైనా కావచ్చును, తరువాత లేడికే పరిమితమైనది. సంస్కృతంలో 'మృగ' శబ్దం నడచిన దారి కూడా ఇదే కదా!

'దౌ' విషయం ఇంకా ముఖ్యమైనది. ప్రార్థనలలో దేవుని అట్లా సంబోధించటం చూచి, అది మహాగౌరవవాచకమని పిల్లలు భావిస్తారు. యథార్థం వేరు. షేక్స్పియరు కాలంలో ఆత్మీయునికి, తక్కువవానికి, దేవునికి 'దౌ'. గౌరవింపదగిన ఒక్కనికి 'యూ'. నాటకంలో పాత్ర ఒకదాని నుండి మరొకదానికి మారితే, ప్రేమో కోపమో అక్కడ తలయెత్తినదని గ్రహించాలి. నీవు, మీరు అన్న భేదం పుట్టుకతో ఎరిగి, దేవుని 'నీవు' అనే పిలిచే తెలుగు బాలునికి ఇది ఇంగ్లండు బాలునికంటె సులభంగా అందవలసినది. అందటం లేదంటే లోపం బాలునిలో లేదు, బోధనలో ఉన్నది.

ఉద్యోగం కొరకు ఇంగ్లీషు నేర్చేవానికి ఈ శ్రమ ఎందుకని కొందరడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ప్రాతమాటలను తన వ్రాతలో చల్లుకొని పాండిత్యం ప్రకటించే విద్యార్థిని వారింపవలసినదే. కాని వ్రాయటం వేరు, చదవటం వేరు. తాను వ్రాయని మాటను కూడా చదివి తెలిసికొనగలవానికే భాష వశమైనట్లు.

ఇందుకు వంద మాటల పట్టిక అక్కరలేదు. పది మాటల చరిత్ర చక్కగా చెప్పితే చాలును. ఏ పాఠమైనా మొదలుపెట్టినప్పుడు అది ఏ కాలపు రచన అన్న ప్రశ్న ముందుగా వేయాలి. 1884లో భాగాలుగా వెలువడటం ప్రారంభమై 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు ప్రతి పదం యొక్క అర్థాలను చారిత్రక క్రమంలో, తేదీలతో కూడిన ఉదాహరణలతో చూపినది. ఆ పుస్తకం అన్ని పాఠశాలలకూ అందకపోవచ్చును. దాని పద్ధతికి ఖర్చు లేదు. పరీక్షలోనూ విడిమాట ఇచ్చి అర్థమడగటం మాని, వాక్యం ఇచ్చి అక్కడ ఆ మాట ఏమి చెప్పుచున్నదో అడగాలి.

అన్నిటికంటె ముఖ్యం, తెలుగు పండితుడు, ఇంగ్లీషు ఉపాధ్యాయుడు వారానికొక గంట కలసి కూర్చొనటం. ఒకే పాఠశాలలో, ప్రక్కప్రక్క గదులలో, ఇద్దరూ ఒకే సత్యాన్ని బోధిస్తున్నారు. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకొననందువల్లనే విద్యార్థి ఒక గదిలో నేర్చినదానిని గడప దాటగానే మరచిపోతున్నాడు.