గడ్డిపోచకు నొక విద్యాపీఠము

మన రైతు తన చేనిలో గరికను చూచి సహింపడు. పారతో వేళ్లదాక త్రవ్వి, గట్టునబడవైచి, ఎండినదాక విశ్వసింపడు. ఆ గరికకే హైదరాబాదు నగరమున మరియొక భాగ్యము పట్టినది. అచ్చట దానిని మన్నుతోగూడ చాపలుగా కోసి, చుట్టలు చుట్టి, చదరపుటడుగు లెక్కను వెలకట్టి అమ్ముచున్నారు. చవితినాడు వినాయకునకు పత్రిగా నర్పించునదియు, పశువు మేయునదియు, కాపు పెరికివేయునదియు, క్రీడాస్థలమున పరచునదియు నొక్క జాతి గడ్డియే. చేనిలో శత్రువైనది నగరమున సొమ్మగుచున్నది. ఈ సొమ్ములో పల్లెకు దక్కు పాలెంత, పల్లె కోల్పోవు పాలెంత యను ప్రశ్న నేడు విచారింపదగియున్నది.

పచ్చికను గూర్చిన శాస్త్రమొకటి కలదనియు, దానిని విశ్వవిద్యాలయములందు బోధింతురనియు చెప్పిన మనలో పలువురు నవ్వుదురు. కాని ఇంగ్లండులోని బింగ్లీ యను నూర నీ పరిశోధనకై 1929లోనే ప్రత్యేక సంస్థ వెలసినది. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్, రట్గర్స్ మొదలగు విశ్వవిద్యాలయములు దీనికై ప్రత్యేక శాఖలను పోషించుచున్నవి. జార్జియా రాష్ట్రమునందలి టిఫ్టన్ పరిశోధన క్షేత్రమున గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు గరికజాతికిని దక్షిణాఫ్రికా గడ్డికిని పుట్టిన సంకరములను పరీక్షించి, 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫ్ అను రకములను లోకమునకిచ్చెను. గోల్ఫు మైదానములందు నేడు ప్రసిద్ధములైనవి ఇవియే. మన గట్లమీద అనాదిగా ప్రాకుచున్న తీగకు బెర్ముడా యను పేరు పెట్టిరి. ఆ పేరు తగిలించిన పిదపనే మనము దానిని గౌరవించుట నేర్చితిమి!

ఇది ధనికుల వినోదమునకు సంబంధించిన విద్యయేయని తోసివేయువారు ఆ బర్టన్ చరిత్రమునే తరచి చూడవలెను. ఆయన 1943లో విడుదల చేసిన కోస్టల్ అను గరిక ఆటకొరకు గాదు, పశువుల మేతకొరకు. ఆయన సృష్టించిన టిఫ్ట్ 23ఎ అను సజ్జ వంగడమును తల్లిగా గ్రహించి, మన దేశపు శాస్త్రజ్ఞులు లూధియానాలో తొలి సంకర సజ్జను పండించిరి. హెచ్‌బి-1 అను పేర నది 1965లో వెలువడినది. గోల్ఫు పచ్చికను తీర్చిన చేయియే పేదవాని సజ్జ రొట్టెకును తోడ్పడినదన్నమాట. గడ్డిని తెలిసికొనుట ధాన్యమును తెలిసికొనుటయే. వరి, జొన్న, సజ్జ, రాగి యన్నియు గడ్డి కుటుంబమునకు జెందినవే కదా.

ఆ కథకు రెండవ భాగమును గలదు. ఒక్క తల్లి వంగడమునే నమ్మి దేశమంతట విత్తుటచే 1970 తరువాతి యేండ్లలో వెర్రికంకి తెగులు విజృంభించి సజ్జ పంటను పాడుచేసినది. తెగులును తట్టుకొను వంగడములను మన నేలమీద, మన వానలో పరీక్షించి తీయవలసివచ్చినది. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ సంస్థయు నందు పాల్గొన్నది. నేటి సంకరపు గరికలు విత్తనము కట్టవు; ఒకే మొక్క తునుకలు నాటి పెంచినవే మైదానములన్నియు. సజ్జకు వచ్చిన యాపద వీటికి రాదని ఎవరు చెప్పగలరు? పరదేశపు రకమును కొని తెచ్చుకొనవచ్చును. మన తెగులును, మన యెండను తట్టుకొను జ్ఞానమును మాత్రము మనమే సంపాదించుకొనవలెను.

కావున తెలంగాణమున పచ్చిక శాస్త్రమునకు పరిశోధనయు శిక్షణయు నొకేచోట జరుగు పీఠమొకటి కావలెనని మా యభిప్రాయము. రాజేంద్రనగరమున ప్రొఫెసర్ జయశంకర్ పేర వ్యవసాయ విశ్వవిద్యాలయమున్నది. ములుగున కొండా లక్ష్మణ్ బాపూజీ పేర ఉద్యాన విశ్వవిద్యాలయమున్నది. వీనిలో నేదైనను పూనుకొనవచ్చును. స్థలమునకు మోమిన్‌పేట ప్రాంతమును మేము సూచించుచున్నాము. 2016లో నేర్పడిన వికారాబాదు జిల్లాలో వికారాబాదు వైపు ఎర్రనేలలును, కందికి పేరుగాంచిన తాండూరు వైపు నల్లరేగళ్లును గలవు. మన దేశమున క్రికెటు పిచ్‌లను ఎర్రమట్టితోనో నల్లమట్టితోనో కట్టుచుందురు. రెండు మన్నులును ఒక్క జిల్లాలో దొరకుచోటు పరిశోధకునకు వరము. హైదరాబాదు అంగడియు దూరము కాదు.

అయినను కన్నులు మూసికొని యీ కోరిక కోరుట లేదు. ఎండకాలమున పచ్చికకు దినమునకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావలెను. ఎకరమునకు లెక్కగట్టిన నది 20,000 లీటర్లు. జల జీవన మిషన్ పేర 2019లో కేంద్ర ప్రభుత్వము పల్లెలో మనిషికి దినమునకు 55 లీటర్లని నిర్ణయించినది. అనగా ఒక ఎకరము పచ్చిక 360 మంది త్రాగి వాడుకొను నీటిని పీల్చును! బోరుబావులు ఎండుచున్న సీమలో నీ నీటిని భూగర్భమునుండి తోడుట అన్యాయము. మూసీనది యీ జిల్లాలోని అనంతగిరి కొండలలో పుట్టి, నగరము చేరునప్పటికి మురుగుకాలువయగుచున్నది. ఆ మురుగును శుద్ధిచేసి పచ్చికకు పారించు విధమును, ఉప్పునీటిని సహించు రకములను కనుగొనుట ఈ పీఠము మొదటి కర్తవ్యము కావలెను.

రెండవది మన్ను. గడ్డిచాపతోపాటు ఒక సెంటీమీటరు మందమున మన్ను పోయినను ఎకరమునకు 40 ఘనపు మీటర్లు పోయినట్లే. పైపొరయే పంటకు ప్రాణము. కౌలునకు చేను తీసికొని, నాలుగేండ్లు చాపలు కోసి, గుల్లచేసి విడిచిపోవువాడు గడ్డిని గాక భూమిని అమ్ముకొనుచున్నాడు. భూస్వామియైన చిన్నరైతు దానిని గ్రహించునప్పటికి చేతులు కాలియుండును. మన్ను పోకుండ గడ్డిని పెంచు పద్ధతులు, పోయిన దానికి బదులు ఎరువుతో పూడ్చు లెక్కలు రైతునకు తెలుగున నేర్పవలెను.

మూడవది మనుష్యులు. నగరపు తోటలలోను క్రీడాస్థలములలోను ఎండలో వంగి తుంగను పెరకువారు పల్లెలనుండి పోయిన స్త్రీపురుషులే. వారికి కూలి కలదు గాని విద్య లేదు. విద్య లేదు గనుక కూలి పెరుగదు. ఒక్క కోతలో ఆకుపొడవున మూడవవంతుకు మించి కోయరాదనుట, వేళ్లకు గాలి తగులునట్లు నేలను గ్రుచ్చుట, తెగులును తొలినాడే గుర్తించుట — ఇవన్నియు నేర్వదగిన పనులు. ఆరుమాసములు శిక్షణ పొంది యోగ్యతాపత్రముతో వచ్చిన వికారాబాదు యువకుని ఏ మైదానమువారు కాదందురు?

ఇక వ్యయము. బింగ్లీ సంస్థ గోల్ఫు సంఘముల పూనికతో వెలసినది. ఇచ్చటను క్లబ్బులు, క్రీడాసంఘములు, మేడలు కట్టి యమ్మువారు తమ పచ్చదనమునకు తామే చందా కట్టవలెను. పేదరైతు పన్నుసొమ్ముతో గోల్ఫు మైదానమును తీర్చుట మేమొప్పుకొనము. ప్రభుత్వము భూమినిచ్చి, ప్రతిఫలముగా రెండు షరతులు విధింపవలెను. క్షేత్రమున సగము పశుగ్రాసపు గడ్డికి విడువవలెను. ఏటేట కొన్ని గ్రామ పాఠశాలల ఆటస్థలములను తక్కువ నీటితో బ్రతుకు గరికతో కప్పి చూపవలెను. గులకరాళ్లమీద పరుగెత్తి మోకాళ్లు చీరుకొను మన బిడ్డలకు మెత్తని నేల భోగము కాదు, హక్కు.

మోమిన్‌పేట, వికారాబాదు, తాండూరు గ్రంథాలయములందు కూడు మహాశయులు ఈ విషయమును చర్చించి, నీరు, మన్ను, శిక్షణ, గ్రాసము అను నాలుగు నియమములతో తీర్మానములు చేసి, విశ్వవిద్యాలయాధికారులకును శాసనసభ్యులకును పంపవలెనని ప్రార్థించుచున్నాము. నియమములు లేని పీఠము వచ్చుటకన్న రాకుండుటయే మేలు. నియమములతో వచ్చునేని, గరికను పెరికిన రైతు చేతికే గరిక ఫలమును దక్కును.